చూపుడువేలి మీద గీత

పరిశోధనశాలలో అందరూ ఆమెను ఎలుకలక్క అనేవారు. కణితులున్న ఎలుకలకు సూది వెయ్యడం ఆమె పని. ఎంత మొండి ఎలుకైనా ఆమె చేతిలో పడితే బుద్ధిగా ఉండేది.

ఆ వారం సూదిలో ఉన్నది కొత్త మందు. ఒక వైరస్ ప్రోటీన్‌లోని చిన్న ముక్కను పరిశోధనశాల నడిపే పెద్దమేడం విడిగా తయారుచేయించింది. ఆ ముక్కకు జబ్బు తెచ్చే శక్తి లేదు. కానీ ఎలాంటి కణంలోకైనా ఇట్టే చొరబడుతుంది. ఆ ముక్క తోకకు, అంటే చివరకు, కణాన్ని చంపే మందు తగిలించారు.

ఆఖరి ఎలుక అయ్యాక ఆమె సూదికి మూత పెట్టబోయింది. అలా పెట్టకూడదని కొత్తవాళ్లకు చెప్పేది తనే. మూత జారింది. గ్లౌజును చీల్చుకుని సూది చూపుడువేలి కొసలో దిగింది.

వేలు కుళాయి కింద పెట్టి మేడాన్ని కేకేసింది.

"మందు లోపలికి పోయిందా?"

"ఎంత పోయిందో తెలీదండీ."

ఆస్పత్రిలో డాక్టరు ఆమె వేలి కణుపు మీద పెన్నుతో గీత గీశాడు. "దీనికి విరుగుడు లేదమ్మా. కొంచెమే కాబట్టి అక్కడే ఆగిపోవచ్చు. ఎరుపు ఈ గీత దాటితే మాత్రం పరుగెత్తుకు రండి."

ఇంట్లో, బస్సు డ్రైవరైన ఆమె భర్త అంతా విన్నాడు. ఏ వైరస్సో అడిగాడు. చెప్పింది. పేరు వింటేనే జనం జడుసుకునే వైరస్ అది. అతను ఆమె ఒళ్లోని కూతుర్ని లాక్కుని అవతల గదిలోకి పోయాడు.

ఆమె అరిచింది. "అందులో వైరస్ లేదు మొర్రో అంటుంటే వినరేం?"

"మరి నీ మొహంలో నెత్తురుచుక్క లేదేం? ఏదో దాస్తున్నావు."

"నా భయం వైరస్ గురించి కాదండీ!" అంది ఆమె. "ఆ తోకకున్న మందు. అది కణితిని ఎలా మాడుస్తుందో కళ్లారా చూశాను. ఇప్పుడది నా వేల్లో ఉంది."

అతను పిల్లతో గుమ్మంలోకి వచ్చాడు. పిల్లను కిందికి దించి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏదీ, చూపించు."

తెల్లారేసరికి వేలికొస మిరియపుగింజలా నల్లబడింది. ఎరుపు గీతను ఆనుకుంది. అతను డ్యూటీకి వెళ్లలేదు. ఆమెకు చూసే ధైర్యం లేక ముఖం తిప్పుకుని చెయ్యి చాచేది. అతనే చూసి చెప్పేవాడు.

"ఇవతలే ఉంది. బస్సయితే బ్రేకైనా వేసేవాణ్ణి." అన్నాడు.

సాయంత్రానికి ఎరుపు వెనక్కి తగ్గింది. పిల్లను లాక్కున్నందుకు అతను క్షమించమనలేదు. ఆమె ఎత్తిపొడవలేదు.

నల్లని చర్మం ఊడిపోయి, స్పర్శ తెలియని చిన్న గుంట మిగిలింది. మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు సూది చేతిలోకి తీసుకుని మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"నేను వేస్తాలే," అంది మేడం.

"వద్దండీ. ఇవాళ వదిలేస్తే ఇంకెప్పుడూ పట్టుకోలేను."

మొదటి ఎలుకకు వేసి, సూదిని మూత పెట్టకుండానే వాడిన సూదుల డబ్బాలో పడేసింది. బయట బెంచీ మీద కూర్చుని తనివితీరా ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, కొత్త గ్లౌజులు వేసుకుని, రెండో ఎలుక కోసం లోపలికి వెళ్లింది.