సంతకం పెట్టని కౌన్సిలరు

మా పక్కింటి పెదనాన్న పోయినాడని అమ్మ ఫోన్ చేసేటప్పటికి నేను షోళింగనల్లూరు వెళ్ళే ఆఫీసు క్యాబులో ఉన్నాను. దిగి, తొండియార్‌పేటలో మా ఇంటికి వెనక్కి తిరిగాను. ఆయన ఒకప్పుడు మా వార్డు కౌన్సిలరని వీధిలో కొత్తగా చేరినవాళ్ళకి తెలియదు.

మాకు చుట్టం కాదు. పిల్లలు లేరు, పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నేను కాలేజీలో ఉండగా, చేతిరాత బాగుంటుందని నాచేత అర్జీలు రాయించేవాడు. "నీళ్ళు రాలేదని రాయి, చాలు. పొగడ్తలొద్దు. మనమేమన్నా బిచ్చమడుగుతున్నామా?" అనేవాడు.

రెండోసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు ఆయన పార్టీవాళ్ళు ఒక జాబితా తెచ్చారు. హార్బరు పక్క గుడిసెల వీధివాళ్ళ పేర్లు. ఆ వీధి ఎప్పుడూ ఎదుటి పార్టీకే వేస్తుంది. వాళ్ళంతా ఇళ్ళు ఖాళీచేసి పోయినారని ఈయన సంతకం పెడితే, ఓటర్ల లిస్టులోంచి తీయించేస్తారట.

"వాళ్ళు ఆడే ఉండారు కదయ్యా," అన్నాడు పెదనాన్న.

"ఉంటే మీరు ఓడిపోతారు సార్."

"ఓడిపోతాను. అంతే కదా?"

సంతకం పెట్టలేదు. ఇంకెవరైనా పెట్టేస్తారేమోనని, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆ వీధిలో ప్రతి గడపా తొక్కాడు. 'మేము ఇక్కడే ఉన్నాము' అని నేను రాస్తుంటే ఒక్కొక్కరిచేతా వేలిముద్రో సంతకమో వేయించి, ఎన్నికల ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాడు.

"అయితే మీకే ఓటెయ్యాలా?" అని ఒక ముసలామె అనుమానంగా అడిగింది.

"నీ ఇష్టం తాయీ. ఓటు మాత్రం పోగొట్టుకోవద్దు."

ఓడిపోయాడు. పార్టీ వెళ్ళగొట్టింది. ఎప్పుడూ జనంతో నిండి ఉండే వాకిలి బోసిపోయింది. పెళ్ళిపత్రికలు ఇచ్చేవాళ్ళు కూడా ఆ ఇల్లు దాటి పోయేవారు. ఉద్యోగం వచ్చాక నేనూ పండగలకి పలకరించడంతో సరిపెట్టాను.

"బాధగా లేదా పెదనాన్నా?" అని ఒకసారి అడిగాను.

"ఉండాది. సాయంత్రమైతే మాట్లాడేదానికి మనిషి లేడు కదమ్మా."

తప్పు చేశానని మాత్రం అనలేదు. ఆ రోజు ఇంకాసేపు కూర్చోవలసింది. క్యాబు వచ్చిందని లేచాను.

నేను చేరేసరికి పాడె సిద్ధమైంది. మొయ్యడానికి ఆయన తమ్ముడి కొడుకు, మా నాన్న, ఇస్త్రీబండి ఆయన, ముగ్గురే. నాలుగో మనిషి కోసం చూస్తుంటే ఒక ఆటో ఆగింది. ఆ ఎన్నికల్లో పెదనాన్న మీద గెలిచినాయన దిగాడు, ఒక్కడే. చెప్పులు విడిచి, వచ్చి ఖాళీగా ఉన్న కొన పట్టుకున్నాడు.

ఆయన బాగా పొడుగు. మిగతావాళ్ళు పొట్టి. పాడె ఒక పక్కకి ఒరిగింది. ఆయన మోకాళ్ళు వంచి, వాళ్ళ ఎత్తుకి దిగి, కాలే తారురోడ్డు మీద వీధి మలుపు దాకా అలాగే నడిచాడు.