ఏడాదికి సరిపోయే ఆయిల్

నా భార్య నన్ను మా అక్క ఇంటికి పోనివ్వలేదని మా బంధువుల్లో ఒక మాట నిలిచిపోయింది. అది నిజం కాదు. నేను పోకపోవడానికి కారణం కారులో పోయించుకున్న ఇంజిన్ ఆయిల్. వినడానికి వేళాకోళంలా ఉంటుంది గానీ జరిగింది అదే.

మాది గిద్దలూరు. విత్తనాలు, పురుగుమందుల దుకాణం. రాచర్ల వైపు ఊళ్లు తిరగడానికి ఒక పాత డీజిల్ కారు కొన్నాను. దాని సంగతి బాగా తెలిసిన మెకానిక్ మార్కాపురంలో ఉండేవాడు కాబట్టి ఆయిల్ మార్చాలంటే అక్కడికే పోయేవాణ్ణి. అప్పట్లో మామూలు ఆయిలే. నాలుగు వేల కిలోమీటర్లకు మార్చేయాలని అతని లెక్క. నా తిరుగుడుకు అది మూడు నెలల ముచ్చట. షెడ్డులో ఎప్పుడూ నాకంటే ముందు నాలుగైదు బండ్లు ఉండేవి. కారు అప్పగించి, రెండు వీధుల అవతల ఉన్న అక్క ఇంటికి నడిచిపోయేవాణ్ణి.

అక్క జొన్నరొట్టెలు కాల్చేది. తిని, బావ మంచం మీద కునుకు తీసి, షెడ్డు నుంచి ఫోన్ వచ్చాక లేచేవాణ్ణి. "నీ కాడికి వస్తా ఉంటి గదా, బండి కూడా చూపిచ్చుకుంటున్నా" అని మొదటిసారే అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోటికి వచ్చింది. అక్క దాన్ని నమ్మింది. నన్ను చూడకుండా మా తమ్ముడు మూడు నెలలు ఉండలేడని పక్కింటివాళ్లతో చెప్పుకునేది. నేను వింటూ రొట్టె తినేవాణ్ణి.

ఒకసారి మెకానిక్ నా ముందు మామూలు ఆయిల్ డబ్బా, సింథటిక్ ఆయిల్ డబ్బా రెండూ పెట్టి ఏది పోయమంటావని అడిగాడు. సింథటిక్ రేటు ఎక్కువేనన్నాడు. అయితే మన ఎండలకు తట్టుకుంటుందని, చలికాలం పొద్దున్నే బండి తేలిగ్గా స్టార్ట్ అవుతుందని, ఆ డబ్బా అయితే పదిహేను వేల కిలోమీటర్ల దాకా చూసుకోనక్కర్లేదని చెప్పాడు.

"మాటిమాటికీ మార్కాపురం రావాల్సిన పని లేదన్నా. ఏడాదికొకసారి కనపడితే చాలు."

నాకు నచ్చింది ఆ ఒక్క మాటే. సింథటిక్ పోయమన్నాను.

ఆ తర్వాత మూడు నెలలు గడిచాయి, ఆరు గడిచాయి. కారు చక్కగా నడుస్తోంది. మార్కాపురంలో నాకు పని లేదు. అదే ఏడాది మొదట్లో, అక్క మనవరాలి పుట్టినరోజునాడు, వంట దగ్గర అక్కకూ నా భార్యకూ చిన్న మాటపట్టింపు వచ్చింది. సాయంత్రానికల్లా నా భార్య దాన్ని మర్చిపోయింది. అక్క మాత్రం ఆ మాటపట్టింపునూ నేను రాకపోవడాన్నీ కలిపి చూసుకుంది. కంభంలో ఒక పెళ్లిలో మా పిన్నమ్మ పదిమందిలో నన్ను పట్టుకుంది.

"ఏమబ్బీ, అక్కను చూసేదానికి ఇంట్లో పర్మిషన్ దొరకడం లేదంటనే?"

నవ్వి ఊరుకున్నాను. కాదంటే మరెందుకు పోలేదో చెప్పాలి. ఆ నవ్వుతో మాట ఖాయమైపోయింది.

తర్వాత అక్క మనవడికి పేరు పెట్టిన రోజున, అక్క వరసగా ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టి తాంబూలం ఇస్తూ వచ్చింది. నా భార్య దగ్గరికి వచ్చేసరికి పళ్లెం కోడలి చేతికిచ్చి లోపలికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు తర్లుపాడు దాటాక కారులో నా భార్య అడిగింది.

"నేనెప్పుడన్నా పోవద్దంటినా?"

లేదన్నాను.

"ఆ ముక్క మీ అక్కకు చెప్పు."

చెప్తానన్నాను. చెప్పడానికి ఇంకో ఏడాది పైన పట్టింది. ఈలోగా మా అక్క గడప తొక్కాల్సి వచ్చిన ప్రతిసారీ నా భార్యకు తలనొప్పి వచ్చేది. అది తలనొప్పి కాదని నాకు తెలుసు.

చివరికి షెడ్డుతో పని లేని ఒక రోజు మార్కాపురం పోయాను. అక్క వసారాలో గోంగూర వలుస్తోంది. నన్ను చూసి, ఇన్నాళ్లకు పంపించిందా అని అడిగింది. ఆమె ఎప్పుడూ ఆపలేదని చెప్పాను. ఆయిల్ సంగతి, మూడు నెలల సంగతి, ఏడాది సంగతి అన్నీ చెప్పాను. అక్క చేయి ఆగింది.

"అంటే నువ్వు వచ్చింది బండి కోసమా?"

"రెండిటికీ అక్కా."

అది కూడా పూర్తి నిజం కాదని ఆమెకు తెలిసిపోయింది.

"ఆ పిల్లను నేను ఎన్ని మాటలంటిరా. ఆమె మీద కోపం పెట్టుకున్నన్నాళ్లు నా తమ్ముడు మంచోడేలే అనుకుంటాంటి."

నా ఎదుటే నా భార్యకు ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇప్పుడు వాళ్లిద్దరికీ ఏ లోటూ లేదు. పండగ చీర కూడా అక్క నా భార్యను అడిగే కొంటుంది. బంధువులకు తెలియాల్సింది ఇంతే.

నేను ఇప్పుడు నెలకోసారి మార్కాపురం పోతున్నాను. అక్క ఇదివరకులాగే రొట్టెలు కాలుస్తుంది. కాకపోతే నేను చేతులు కడుక్కునేలోపే కంచం పెట్టేస్తుంది. బావ మంచం మీద నడుం వాల్చబోతే, షెడ్డులో బండి పని అయిపోయింటుంది, ఆలస్యం చేయొద్దంటుంది. షెడ్డులో పెట్టలేదక్కా, వీధి చివర ఆపి వచ్చినా అంటాను.

"సరేలే" అంటుంది, కంచం తీసుకుపోతూ.