మూడో అంతస్తు డ్యాంపర్

కోవిడ్ వార్డులు ఎత్తేసిన మరుసటి ఏడాది, మే నెల మొదటి వారంలో, విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి మా కంపెనీ నన్ను డ్యాంపర్ల తనిఖీకి పంపింది. అప్పుడు నేను సీనియర్ సర్వీస్ ఇంజనీరుని. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలున్నాయి. ఆసుపత్రి ఫైర్ అనుమతి రెన్యువల్‌కు మా సర్టిఫికెట్ జతచేయాలి. నాకు మూడు రోజులు ఇచ్చారు.

డ్యాంపర్ గురించి తెలియని వారి కోసం రెండు మాటలు. సెంట్రల్ ఏసీ ఉన్న భవనంలో గాలి రేకు గొట్టాల్లో తిరుగుతుంది. వాటిని డక్టులంటాం. డక్టు ఒక గోడనో శ్లాబునో దాటే చోట మంటా పొగా అవతలికి పోకుండా లోపల ఒక రేకు తలుపు పెడతాం. అదే డ్యాంపర్. పాత రకంలో ఆ తలుపును చిన్న లోహపు బిళ్ల పట్టుకుని ఉంటుంది. వేడి డెబ్బై రెండు డిగ్రీలు దాటితే బిళ్ల కరిగి తలుపు పడుతుంది. కానీ మనుషుల ప్రాణం తీసేది చాలాసార్లు పొగే. ఆ పొగకు బిళ్లను కరిగించేంత వేడి ఉండకపోవచ్చు. అందుకే ఆసుపత్రుల్లో మోటారు డ్యాంపర్లు వాడతాం. కరెంటు ఉన్నంతసేపు మోటారు తలుపును తెరిచి పట్టుకుంటుంది. పొగ జాడ తెలియగానే ఫైర్ అలారం ప్యానెల్ కరెంటు ఆపేస్తుంది, స్ప్రింగు తలుపును మూసేస్తుంది. మోటారు కాలిపోయినా తలుపు మూసుకునే ఉంటుంది. అలా ఉండాలనే దాన్ని తయారుచేశారు.

నాకు తోడుగా ఆసుపత్రి వాళ్లు తమ డక్ట్ ఫిట్టర్ అప్పలరాజుని ఇచ్చారు. యాభై దాటిన మనిషి. సబ్బవరం దగ్గర పల్లె. కుటుంబానిది వ్యవసాయం, ఇతను మాత్రం రేకు పని నేర్చుకుని సిటీకి వచ్చేశాడు. చెయ్యి శుభ్రమైన పనివాడు. నేను అడగకముందే నిచ్చెన ఎక్కడ వేయాలో అతనికి తెలుసు. ఒక్కో డ్యాంపర్ దగ్గర ఫాల్స్ సీలింగ్ పలక దించి, డక్టుకున్న చిన్న తనిఖీ తలుపు తెరిచి, కరెంటు తీసి, రేకు పూర్తిగా మూసుకుందో లేదో చూసి, రాసుకుంటూ పోయాం. ఉప్పుగాలికి చాలా వాటి ఇరుసులు తుప్పుపట్టాయి. నూనె పోసి, గీకి, మళ్లీ మళ్లీ ఆడించి దారికి తెచ్చాం.

రెండో రోజు మధ్యాహ్నం మూడో అంతస్తులో డయాలసిస్ వార్డుకు వెళ్లాం. రెండో అంతస్తుకూ దీనికీ గాలి మిషను ఒక్కటే. రెండింటినీ కలిపే నిలువు డక్టు నుంచి ఒక కొమ్మ గోడ దాటి వార్డు సీలింగులోకి వచ్చే చోట ఒక డ్యాంపర్ ఉంది. దాని కింద మంచం మీద భీమిలి నుంచి వచ్చే సన్యాసమ్మ అనే ఆవిడ పడుకుని ఉంది. అరవై ఏళ్లుంటాయి. చేపలమ్మిన మనిషి, గొంతు పెద్దది. వారానికి మూడుసార్లు బస్సులో వస్తుందట. చేతికి ట్యూబులు తగిలించి ఉన్నాయి.

"ఏటి బాబూ, ఆ పైనేటి సేత్తన్నావ్? గాలి ఆపీకు. మొన్న నెల్లాళ్లు ఉడికిపోనాం ఇక్కడ" అంది.

ఆపనని చెప్పాను. పైకెక్కి తలుపు తెరిచి టార్చి వేశాను. డ్యాంపర్ మోటారు కాలిపోయి ఉంది. మూసుకుని ఉండాల్సిన రేకు మాత్రం తెరిచి ఉంది. కట్టుతీగ నాలుగు చుట్లు చుట్టి దాన్ని డక్టుకు బిగించారు. తీగ కొసలు లోపలికి మడిచి ఉన్నాయి, చెయ్యి పెట్టినవాడికి గుచ్చుకోకుండా. అది ఎవరి పనో నాకు కిందికి దిగకముందే అర్థమైంది.

కారిడార్‌లోకి తీసుకెళ్లి అడిగాను. అప్పలరాజు తడుముకోలేదు.

"నానే కట్టీసినాను సార్. మోటారు పోయి రేకు పడిపోనాది. వార్డుకి గాలి నేదు. పేషెంట్లు గోల. మేనేజర్ బాబు కట్టీమన్నాడు. కొత్త మోటారు వొచ్చీదాకే అన్నాడు. రెండు సార్లు అడిగినాను, వొస్తాదన్నాడు."

ఫెసిలిటీ మేనేజర్ గదికి వెళ్లాను. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, మోటారు ఆర్డరు పెట్టామనీ వారంలో వస్తుందనీ అన్నాడు. ఇప్పుడే తీగ కోసేస్తే వార్డు మూసేయాలి, ఆ ముప్ఫై మందిని ఎక్కడికి పంపమంటారో మీరే చెప్పండి అన్నాడు. నేను ఫైలు తీసుకుని లేచాను. వార్డుకు రెండు మూడు స్ప్లిట్ ఏసీలు తగిలించి ఆ డక్టును మూసేయమని చెప్పి ఉండవచ్చు. అది ఏ ట్రైనీకైనా తట్టే ఉపాయం. నాకు రెండు నెలల తర్వాత తట్టింది.

సాయంత్రం మా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సర్టిఫికెట్ ఆపవద్దు, లోపాలు వేరే కాగితంలో రాయి అన్నారు. అది మా వృత్తిలో మామూలే. సర్టిఫికెట్‌లో "అనుబంధంలోని అంశాలకు లోబడి సంతృప్తికరం" అని రాస్తాం. అనుబంధాన్ని ఎవరూ తిరగెయ్యరు. నేను అలాగే రాశాను. అనుబంధంలో ఆ డ్యాంపర్ నంబరు వేసి, కారణం అన్న గడిలో "తీగతో కట్టినట్లు ఫిట్టర్ అప్పలరాజు అంగీకరించాడు" అని రాశాను. మేనేజర్ చెప్పాడన్న మాట రాయలేదు. అది నేను నా చెవులతో వినలేదు, నోటిమాటను రిపోర్టులో పెట్టకూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. అప్పలరాజు అంగీకారం కూడా నోటిమాటే కదా అని ఆ పూట నాకు తోచలేదు. రెండు కాగితాల మీదా సంతకం చేశాను.

వారంలో మోటారు రాలేదు. నేను మళ్లీ ఫోన్ చేసి అడగలేదు.

జూన్ నెలాఖరులో ఒక ఉదయం పదకొండు గంటల వేళ రెండో అంతస్తు రికార్డు గదిలో నిప్పంటుకుంది. చిన్న మంట. గది దాటలేదు. ఫైరింజను వచ్చేసరికే ఆసుపత్రి సిబ్బంది సగం ఆర్పేశారు. ప్యానెల్ తన పని చేసింది, గాలి మిషను ఆగింది, మిగతా డ్యాంపర్లన్నీ మూసుకున్నాయి. కాగితాలూ ప్లాస్టిక్ ఫైళ్లూ కాలిన పొగ మాత్రం తెరిచి ఉన్న ఆ ఒక్క దారి పట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కింది. డయాలసిస్ మీద ఉన్న మనిషి లేచి పరిగెత్తలేడు. రక్తం మిషనులో ఉంటుంది. నర్సులు ఒక్కొక్కరినీ విడదీసి బయటికి తోశారు. పొగ దిగిన మూల మంచం దగ్గరికి ఆఖరున చేరగలిగారు. సన్యాసమ్మ ఐసీయూలో రెండు రోజులుండి చనిపోయింది.

మంట అని వినగానే అప్పలరాజు కటింగ్ ప్లయర్‌తో మూడో అంతస్తుకు పరిగెత్తాడు. ఆ పొగలోనే నిచ్చెనెక్కి తీగ కోశాడు. తుప్పుకు రేకు కదల్లేదు. చేతులతో తోసి మూశాడు. స్పృహ తప్పినవాణ్ణి కిందికి దించారు. బతికాడు. అయిదో రోజున కొత్త మోటారు వచ్చింది, బిగించారు.

విచారణలో నన్ను రెండు గంటలు కూర్చోబెట్టారు. అనుబంధం చదివి, మీరు మీ బాధ్యత నిర్వర్తించారని అన్నారు. తీగ కట్టమని ఎవరైనా చెప్పారా అని అడిగారు. మేనేజర్ చెప్పాడని ఫిట్టర్ నాతో అన్నాడని చెప్పాను. రిపోర్టులో ఎందుకు లేదన్నారు. తనకు ఆ తీగ సంగతే తెలియదని మేనేజర్ రాసిచ్చాడు. ఆయన గదిలో జరిగిన మాటలు నేను చెప్పాను. దానికీ కాగితం లేదు. కాగితం మీద ఉన్న పేరు అప్పలరాజుది ఒక్కటే. కేసు అతని మీద పెట్టారు. ఉద్యోగం పోయింది. పరవాడ ఫ్యాక్టరీల్లో కూడా ఎవరూ పనిలోకి తీసుకోలేదు.

రిటైరయ్యాక సబ్బవరం వెళ్లాను. అప్పలరాజు ఒక కొత్త కాలనీ గేటు దగ్గర కాపలా పని చేస్తున్నాడు. నాలుగడుగులు వేస్తే దగ్గు వస్తోంది. నన్ను చూసి కుర్చీ ఖాళీ చేశాడు. నేను రాసింది తప్పని చెప్పడానికి వచ్చానన్నాను.

"తప్పేటి సార్? నాను సెప్పిందే రాసేరు."

"సగమే రాశాను అప్పలరాజూ."

అతను రోడ్డు వైపు తిరిగాడు. "ఆ ముసిలమ్మ కూతురు కోర్టు కాడ కనపడతాది సార్. నన్నేటీ అనదు. అలా సూస్తాది. మీరు మొత్తం రాసినా అది తప్పదు కదా, కట్టిన సేతులు నావే" అన్నాడు. తర్వాత ఎవరో కారు హారన్ కొడితే లేచి వెళ్లి గేటు తీశాడు. నేను కొంతసేపు ఉండి వచ్చేశాను. కేసు ఇంకా నడుస్తోంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇది. మూసుకోని డ్యాంపర్‌కు "లోబడి" అనే మాట లేదు. అది ఒక్కటి తెరిచి ఉన్నా సర్టిఫికెట్ ఇవ్వకూడదు. విన్నది రాయాల్సి వస్తే మొత్తం రాయాలి, పై అధికారి పేరుతో సహా. నాకు ఈ రెండు నియమాలూ ఉద్యోగంలో చేరిన ఏడాదే తెలుసు. తెలిసి ఉండటం వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ కలగలేదు.