డాక్టరమ్మ కట్టిన పాత కంప్యూటర్

మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆవిడను అందరూ డాక్టరమ్మ అంటారు. మెట్ల కింద చిన్న గదే ఆమె కొట్టు. మొదట్లో కుట్టుమిషన్లు బాగుచేసేది. ఇప్పటికీ విప్పిన స్క్రూలన్నీ నూనెడబ్బా మూతలోనే పోస్తుంది. ఆమెకొక పద్ధతి ఉంది. బాగైన కంప్యూటర్ ముందు దాన్ని ఎరిగిన మనిషిని కూర్చోబెడుతుంది. ఆ మనిషి "అదే" అనేదాకా పని అయిందని ఒప్పుకోదు.

మా ఆయన పోయాక బట్టల అద్దకం పని మా మరిది చూస్తున్నాడు. ఏ రంగుకు ఏ పొడి ఎంత కలపాలో, బట్ట తొట్టిలో ఎంతసేపు నానాలో చెప్పే ప్రోగ్రాం మా ఆయనే రాసుకున్నారు. వేళ అయితే కుయ్‌మంటుంది. అదున్న పాత కంప్యూటర్ మొరాయించసాగింది. కొత్తదానిలో వేస్తే ప్రోగ్రాం తెరుచుకోలేదు. అది పోతే మా రంగులు పోయినట్టే. ఆయన అద్దిన నా చీర ఒకటి తప్ప, ఆయన చేత్తో చేసినదని ఇంట్లో మిగిలిందీ అదొక్కటే.

"కొత్తదాంట్లోనే ఉత్తుత్తి పాత కంప్యూటర్ ఒకటి కడతా అక్కా. వర్చువల్ మెషీన్ అంటారు. అత్తారింట్లో పుట్టింటి గది కట్టించినట్టు. ప్రోగ్రాంకి ఇల్లు మారిన సంగతే తెలీదు" అంది డాక్టరమ్మ.

మా ఇంటికే వచ్చి, పాతదాని పైరేకు విప్పి, స్క్రూలు తన మూతలో పోసి, అందులో ఉన్నదంతా నకలు తీసుకుంది. అంతటితో పాతది పూర్తిగా ఆగిపోయింది. కొత్తదానిలో ప్రోగ్రాం తెరుచుకుంది. మరిది ముదురు ఎరుపు నొక్కాడు. వేలు తీయకముందే కుయ్‌మంది.

"చూశావా వదినా, అన్నయ్యకంటే చురుగ్గా ఉంది!"

"ఆ చురుకు బట్టకుండొద్దూ? ముంచకముందే తీసెయ్యమంటోంది" అని డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "అదేనా అక్కా?"

"కాదు" అన్నాను.

ఆయన గడియారాన్ని కాక, పాత యంత్రం అంకెలు లెక్కపెట్టే వేగాన్ని నమ్ముకుని రాశారట. కొత్తది పరుగున లెక్కపెట్టేస్తోంది. దాని వేగానికి కళ్లెం వేస్తానంది డాక్టరమ్మ. ఎంత బిగించాలని నన్నే అడిగింది. ఎరుపు తొట్టి పెట్టి ఆయన టీ తాగేవారు. గ్లాసు కింద పెట్టేసరికి కూసేదని చెప్పాను.

"అయితే టీ పెట్టండి" అంది.

మరిది తాగుతున్నాడు, ఆమె వేగం తగ్గిస్తోంది.

"గటగటా మింగితే ఎలాగయ్యా? మీ అన్నలా ఊదుకుంటూ తాగు" అన్నాను.

"ఇంక నావల్ల కాదు వదినా, కడుపులో టీ కదుల్తోంది."

చివరి గ్లాసు కింద పెట్టబోతుంటే కుయ్‌మంది. డాక్టరమ్మ అప్పుడూ నమ్మలేదు. మమ్మల్ని తొట్టి దగ్గరికి నడిపించి, ఆ కూతకే ఒక గుడ్డముక్క అద్దించింది. ఆరాక, ఆయన అద్దిన చీర కొంగు పక్కన పెట్టి చూశాను.

"అదే" అన్నాను.

అప్పుడు డాక్టరమ్మ స్క్రూల మూత అందుకుని, పాత కంప్యూటర్‌కు పైరేకు బిగించింది.