ఇంజనుకు కుళ్లాయి

పుంగనూరులో కళాయి పని చేసే ఇళ్లు ఆ రోజుల్లో ఏడో ఎనిమిదో ఉండేవి. వరసలో చివరిది అలావుద్దీన్ ఇల్లు. పంచలో అతను కూర్చునేవాడు. అతని వెనక గోనెపట్టా తెర వేలాడేది. ఊళ్లోవాళ్లు సొట్టలు పడిన రాగి బిందెలూ, ఇత్తడి తపేలాలూ తెచ్చి అతని ముందు పెట్టి పోయేవాళ్లు. మరునాడు వచ్చి చూసుకుంటే సొట్ట ఎక్కడుండేదో వాళ్లకే గుర్తుపట్టడం కష్టమయ్యేది.

ఆ పని చేసేది అలావుద్దీన్ కాదు. రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు పక్షవాతం వచ్చి అతని కుడిచెయ్యి పడిపోయింది. తెర వెనక సుత్తి పట్టింది అతని భార్య మైమూన్ బీ. ఆమె పుట్టిల్లు మదనపల్లె. తండ్రి రాగిపని చేస్తుంటే చిన్ననాడు తిత్తులు ఊదింది గానీ, అతని చెయ్యి పడిపోయేదాకా సుత్తి ముట్టుకున్నది లేదు. మొదటి నెలలో మూడు బిందెలు చిల్లులు పడ్డాయి. అలావుద్దీన్ కోపగించుకోలేదు. పంచలో కూర్చుని దెబ్బల చప్పుడు వింటూ ఉండేవాడు. రేకు పలచబడుతుంటే చప్పుడు మారుతుంది. అది అతని చెవికి తెలుసు. "చాలు, ఆపు" అని తమ ఉర్దూలో మెల్లగా అనేవాడు. ఆమె ఆపేది. అట్లా అతని చెవీ ఆమె చెయ్యీ కలిసి ఎనిమిదేళ్లు ఇల్లు నడిపాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడమే మర్యాద అని అందరూ అనుకున్నారు.

దేవరాజులు వాళ్లింటికి వచ్చింది నలభై ఎనిమిదో సంవత్సరం, సంక్రాంతి వెళ్లిన నెలకు. యుద్ధకాలంలో అతను బెంగుళూరులో విమానాల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేశాడు. అక్కడే ఒక పైలటు దగ్గర కొన్నాళ్లు విమానం నడపడం కూడా నేర్చుకున్నాడు. యుద్ధం అయిపోయాక చాలామందితో పాటు అతన్నీ ఇంటికి పంపేశారు. ఊరికి వచ్చి, ఈరప్ప అనే రైతు శెనక్కాయల కొట్టంలో రెండేళ్లుగా ఒక చిన్న విమానం కడుతున్నాడు. చెక్క చట్రం, పైన మైనం గుడ్డ, ఒక్క మనిషికి చోటు. ఊళ్లో కొందరు నవ్వారు, కొందరు జాలిపడ్డారు. ఈరప్ప మాత్రం పంట వచ్చినా కాయలు ఇంట్లో పోసుకుని కొట్టం అతనికే వదిలేశాడు.

ఆ రోజు దేవరాజులు చంకలో చుట్ట చుట్టిన అల్యూమినియం రేకు పెట్టుకొచ్చాడు.

"సాయిబన్నా, దీన్ని గిన్నె మాదిరి వంచల్ల. ముడత పడగూడదు, పగలగూడదు. నీచేత అయితుందా?" అన్నాడు.

అలావుద్దీన్ ఎడమచేత్తో రేకును తట్టి చూసి నవ్వాడు. "సత్తురేకు! సత్తుగిన్నెలు వచ్చినాకనే గదప్పా మా కళాయి ఎవురికీ అక్కర లేకుండా పోయింది. మా కడుపు కొట్టినదాన్ని నా ముందరికే తెస్తివా?"

"అయితుందా కాదా చెప్పన్నా."

అలావుద్దీన్ తెర వైపు చూశాడు. తెర వెనక నుంచి ప్రశ్న వచ్చింది. "యాడ తొడిగేదానికి? ఏనుగు తలకాయకా?"

"ఇమానానికమ్మా. ఇంజను మీద మూత."

సుత్తి కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తరువాత తెర జరిగింది. తలమీద కొంగు సర్దుకుంటూ మైమూన్ బీ పంచలోకి వచ్చింది. పనికోసం వచ్చినవాళ్ల ముందుకు ఆమె రావడం అదే మొదలు.

"తల సూడకుండా కుళ్లాయి కుట్టమంటే ఎట్లప్పా? ఆ ఇంజను యాడుండాదో సూపించు" అంది.

ఇంజను అప్పుడు కుప్పం రైలుస్టేషనులో ఉంది. పాతబడి విప్పేసిన ఒక విమానంలోది. బెంగుళూరు నుంచి చెక్కపెట్టెలో రైలెక్కి వచ్చింది. ఈరప్ప బండి కట్టుకుపోయి, గడ్డి పరిచి, అడవిదారిన మూడు రోజులు నడిపించి తెచ్చాడు. దొంగలు తిరిగే చోట ఎద్దుల మెడ గంటలు విప్పి నడిచానని తరువాత చాలా ఏళ్లు చెప్పుకున్నాడు.

ఇంజను ఎక్కించే రోజు మైమూన్ బీ కొలతల కోసం కొట్టానికి వెళ్లింది. అలావుద్దీన్ కూడా కర్ర పట్టుకుని వెంట వెళ్లాడు. మూడు చింతమొద్దులు కొసలు కలిపి నిలబెట్టి, ఈరప్ప తన బావి కపిల గిలకను పైన కట్టాడు. మోకు ఒక కొస ఇంజనుకు, రెండో కొస ఎద్దుల కాడికి. నీళ్లు తోడే ఎద్దులు కాబట్టి వాటికి ముందుకు నడవడమూ తెలుసు, వెనక్కి నడవడమూ తెలుసు. ఈరప్ప వాటి చెవి దగ్గర నిలబడి మాట్లాడాడు. "నడు నాయనా... నిలు. ఒక్కడుగు ఎనక్కి. చాలు, చాలు." ఇంజను నేల వదిలి, మెల్లగా తిరిగి, విమానం ముక్కు దగ్గరికి వచ్చి ఆగింది.

విమానం ముందు భాగాన ఇనుప గొట్టాలతో చేసిన చట్రం ఉంది. మదనపల్లె బస్సు షెడ్డులో దగ్గరుండి అతికించుకొచ్చాడు దేవరాజులు. దానికి నాలుగు బోల్టులు. ఇంజను అదురు చెక్కకు తగలకుండా మధ్యలో రబ్బరు బిళ్లలు. పైనున్న రెండు బోల్టులూ దిగాయి. కింది రెండూ దిగలేదు. రంధ్రానికీ రంధ్రానికీ గోరుమందం తేడా. దేవరాజులు ఆకురాయి తీసుకున్నాడు. రంధ్రాలను అరగదీసి పెద్దవి చేద్దామని అతని ఉద్దేశం.

"రొంత ఆగప్పా" అంది మైమూన్ బీ. ఆమె పది అడుగులు వెనక్కి పోయి, బిందె అంచు చూసినట్టు ఒక కన్ను మూసి చూసింది. "బెజ్జం ఒంకర లేదు. నీ ఇమానమే ఒరిగుండాది. ఎడమపక్క సెక్రం కింద సూడు."

చూస్తే నిజమే. ఎడమ చక్రం మెత్తటి మట్టిలో వేలెడు దిగిపోయింది. ఈరప్ప ఒక బండ తెచ్చి చక్రం కింద తోశాడు. బోల్టులు రెండూ వేలితో నెడితే దూరిపోయాయి. దేవరాజులు మరలు బిగించి, అవి సడలకుండా తీగ చుట్టాడు. తరువాత ఆకురాయిని సంచిలో పెట్టేస్తూ, "అరగదీసుంటే గాల్లో నా ప్రాణం పోయుండేదమ్మా" అన్నాడు. ఆమె అప్పటికే దారప్పోగుతో ఇంజను చుట్టుకొలత తీసుకుంటోంది.

కుళ్లాయి పని తేలిగ్గా సాగలేదు. రాగిని మెత్తబరచాలంటే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. సత్తురేకు ఎర్రబడదు. ఎర్రబడుతుందేమోనని ఆమె చూస్తుండగానే మొదటి రేకు కొలిమిలో మధ్యన కరిగి కారిపోయింది. కాల్చకుండా కొడితే రెండో రేకు అంచున చీలింది. దేవరాజులు తెచ్చిచ్చిన ఐదింటిలో మిగిలినవి మూడే రేకులు. ఆ సాయంత్రం ఆమె అన్నం తినలేదు. అలావుద్దీన్ తన పళ్లెం ఆమె వైపు జరిపి, "నా మొదటి బిందె చూసి మా నాయన దాన్ని కోళ్లకు గూడుగా పెట్టినాడు" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. తిన్నది.

మరునాడు దేవరాజులుకు చెబితే అతను నెత్తి కొట్టుకున్నాడు. ఫ్యాక్టరీలో రేకుకు సబ్బు రుద్ది కాల్చేవాళ్లు. సబ్బు నల్లబడితే రేకు మెత్తబడినట్టు లెక్క. రోజూ చూసినదే అయినా చెప్పాలని తోచలేదట. మైమూన్ బీ బట్టల సబ్బు రుద్ది, సన్నటి మంట మీద తిప్పుతూ కాచింది. సబ్బు గోధుమరంగుకు వచ్చి, నల్లబడింది. దించి నీళ్లు చల్లింది. ఇసుకమూట మీద పెట్టి కొయ్యసుత్తితో మెల్లగా కొట్టింది. రేకు లొంగింది.

పద్దెనిమిది రోజులు పట్టింది. సత్తు చప్పుడు అలావుద్దీన్‌కు కొత్త. మొదట్లో అతని చెవి కూడా తప్పింది. నాలుగో రోజుకు పట్టుబడింది. మళ్లీ "చాలు, ఆపు" మొదలైంది. ఈసారి ఇద్దరి మధ్యా తెర లేదు. దారిన పోయేవాళ్లు నిలబడి చూశారు. ఒకరిద్దరు ముసలివాళ్లు ఏదో అన్నారు. "నా చెయ్యి అది. నా చెయ్యి పంచలో ఉంటే మీకేం?" అని అలావుద్దీన్ అనేసరికి మళ్లీ అనలేదు.

కుళ్లాయి తొడిగిన రోజు విమానం తోకను చింతచెట్టుకు కట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, దేవరాజులు ఇంజను తిప్పాడు. దుమ్ము లేచింది. ఈరప్ప ఎద్దులు పలుపు తెంచుకుని పారిపోయాయి. ఇంజను మాత్రం చక్కగా పలికింది. కానీ ఐదు నిమిషాలకు వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. చమురు మాడిన వాసన వచ్చింది. దేవరాజులు ఆపేశాడు. రెండోసారి, మూడోసారి కూడా అంతే. అతను ముందున్న గాలి కంతలు ఇంకా పెద్దవి చేద్దామన్నాడు.

మైమూన్ బీ ఇంజను చల్లారేదాకా ఆగి, కుళ్లాయి చుట్టూ చేత్తో తడిమింది. "గాలి లోపలికి పోతాండాది. బయటికి యాడ పోతాది?"

"కింద సందుండాది గదమ్మా."

"నాలుగు వేళ్ల సందు! వేడెక్కిన గాలి ఉబ్బుతాది. వచ్చిన వాకిలికన్నా పోయే వాకిలి పెద్దగా ఉండల్ల. పొగ పోకుంటే కొలిమి ఎట్ట మండతాదప్పా? ముప్పై ఏండ్లుగా పొయ్యి ముందర కూర్చుండాను, ఇది నాకు తెల్దా?"

దేవరాజులు రేకు కత్తెర ఆమె చేతికిచ్చాడు. ఆమె కింది అంచును జానెడు కోసి, పెదవిలా బయటికి వంచింది. ఆ పెదవిని ఒరుసుకుని పోయే గాలి లోపలి వేడిని లాగేస్తుందని ఆమె లెక్క. లోపల గాలి పక్కలకు జారిపోకుండా, ఇంజను ఒంటిమీది సన్నటి లోహపు రెక్కల సందుల్లోంచే పోయేటట్టు రేకుముక్కలు అడ్డం పెట్టింది. ఈసారి అరగంట తిప్పినా ముల్లు ఎర్రగీత దగ్గరికి రాలేదు. దేవరాజులు దిగివచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టబోయాడు. "అట్లంతా వద్దప్పా" అని ఆమె వెనక్కి జరిగింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

ఆ మే నెలలో, ఎండిన చెరువు మైదానంలోంచి తెల్లవారుతూనే విమానం లేచింది. పుంగనూరు సగం గట్టు మీదే ఉంది. దేవరాజులు ఊరి మీద రెండు చుట్లు తిరిగాడు. అలావుద్దీన్ కళ్లు పైకెత్తలేదు. తల వంచి వింటూ, "బాగుంది, ఎక్కడా అదరడం లేదు" అంటున్నాడు. మైమూన్ బీ పెదవులు కదులుతూనే ఉన్నాయి. దువా చేస్తోందని పక్కనున్నవాళ్లు చెప్పారు. పదకొండు నిమిషాలకు విమానం దిగి, ఒకసారి ఎగిరిపడి, నిలిచింది. అందరూ దేవరాజులు వైపు పరిగెత్తారు. ఆమె ఇంజను దగ్గరికి పోయింది. రేకు మీద చేతివెనక పెట్టి చూసి, ఒక అతుకును గోటితో నొక్కి, సరేనన్నట్టు తలూపింది.

విమానం మరి రెండుసార్లు ఎగిరింది. తరువాత చిత్తూరు నుంచి ఒక అధికారి వచ్చి, సర్టిఫికెట్టు లేకుండా ఎగరడం చట్టానికి విరుద్ధమని మర్యాదగానే చెప్పాడు. పోయేముందు విమానం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. సర్టిఫికెట్టు తెచ్చుకోవడం దేవరాజులు తరం కాలేదు. ఏడాదికి ఇంజనూ కుళ్లాయీ కలిపి బెంగుళూరులో విమానం నేర్పే ఒక క్లబ్బుకు వెళ్లిపోయాయి. అతను మదనపల్లెలో బస్సు షెడ్డులో మేస్త్రీగా చేరాడు.

షెడ్డులో బస్సుల ముందు మూతలూ, చక్రాల మీది రేకులూ తరచుగా నలిగేవి. దేవరాజులు వాటిని పుంగనూరు పంపేవాడు. అట్లా మైమూన్ బీకి మరో పదిహేనేళ్లు పని దొరికింది. అలావుద్దీన్ పోయాక ఆమె రెండు నెలలు సుత్తి పట్టలేదు. అప్పుడొకసారి దేవరాజులు తనే నలిగిన సత్తురేకొకటి బస్సు మీద వేసుకుని వచ్చాడు. ఇసుకమూట సర్ది, అలావుద్దీన్ కూర్చునే చోట కాకుండా కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"నాకు సాయిబన్న చెవి లేదమ్మా" అన్నాడు. "అయినా యింటాను, కొట్టు."

ఆమె రేకును దగ్గరికి లాక్కుని సొట్టను తడిమి చూసింది. తరువాత సబ్బు తెమ్మంది.