కుట్టు లోపలి బట్ట

అన్నయ్య పోయిన నెల రోజులకి సంస్మరణ సభ పెట్టారు. ఒక లెక్చరరు మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడింది మా అన్నయ్య గురించి కాదు, ఒక నవలలోని దర్జీ గురించి.

"ఈ కథానాయకుడి ప్రధాన లోపం చేతివాటం. అతను దాచుకున్న ప్రతి గుడ్డముక్కా తన ఆత్మ చిరుగుకి వేసుకున్న మాసిక!"

చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ నవల రాసింది అన్నయ్య చిన్ననాటి స్నేహితుడే. ఏళ్ళ తరబడి మా దర్జీ కొట్లో కూర్చుని, మా టీ తాగి, అన్నయ్యని అందులోకి నిలువునా దింపేశాడు. వంగిన కుడి భుజం, నోట్లో గుండుసూదులతోనే మాట్లాడటం, ఇస్త్రీపెట్టె వేడిని తడివేలితో చూడటం, అన్నీ అచ్చు ఆయనవే. దొంగతనం ఒక్కటే రచయితగారి సొంతం.

పుస్తకం వచ్చాక కొలతలిచ్చే ప్రతివాడికీ అదో వేళాకోళం. "మిగిలిన ముక్కలు మూటగట్టి ఇవ్వాలి సుమా!" అనేవాళ్ళు. అన్నయ్య నవ్వేవాడు కాదు. నోట్లో సూదులున్నాయి కదా అనుకునేవాళ్ళు.

మిగిలిన బట్ట ఎక్కడికీ పోయేది కాదు. పక్క కుట్లలో, నడుంపట్టీ వెనక, కాళ్ళ అంచు మడతల్లో మడిచి వదిలేసేవాడు. "మనిషన్నాక ఒళ్ళు చేస్తాడు. అప్పుడు కొత్తది కుట్టించుకోమంటామా?" అనేవాడు. ఆ మాట నాతో అన్నాడే గాని గిరాకీలతో ఏనాడూ అనలేదు.

"వాళ్ళకి చెప్పొచ్చు కదా అన్నయ్యా!" అన్నాను ఒకసారి.

"దొంగని కానని బోర్డు కట్టమంటావురా?" అని మిషను తొక్కసాగాడు.

ఆయన దేవుడని నేననను. లోపాలున్న కథానాయకులంటే నాకూ ఇష్టమే. అన్నయ్య నోరు తెరిస్తే "రేపు రండి". ముహూర్తం వేళకి పెళ్ళికొడుకుని చొక్కా లేకుండా నిలబెట్టిన ఘనుడు. తప్పు తనదైనా ఒప్పుకోడు. కోపమొస్తే ఇంట్లో రోజుల తరబడి మాటలుండవు. వదిన బట్టలైతే కత్తిరించినవి కత్తిరించినట్టే అలమరలో మగ్గేవి. ఇన్ని నిఖార్సయిన లోపాలు ఎదురుగా పెట్టుకుని, లేనిదాన్ని తెచ్చి అంటగట్టడం ఏమి రచన? చూసి రాయడానికి అంత బద్ధకమా?

చివరికి రచయితగారు లేచి, తన మిత్రుడు గొప్ప పాత్రగా బతికే ఉంటాడని గొంతు గద్గదం చేసుకున్నాడు. ముందు వరుసలోంచి వదిన లేచింది.

"ఒక్క మాట అన్నయ్యగారూ. మీరేసుకున్న ప్యాంటు ఆయన కుట్టిందేనా?"

"అవునమ్మా. వాడి చేతి కుట్టు తప్ప నాకు నప్పదు."

"నడుం ఎన్నిసార్లు వదులు చేయించుకున్నారు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చొక్కా కిందికి లాక్కున్నాడు.

"గుర్తులేదు... చాలాసార్లు."

"ఎప్పుడైనా అదనంగా బట్ట తెచ్చిచ్చారా?"

"లేదు."

"మరి ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు?"

"చెల్లెమ్మా, నవలన్నాక నాయకుడికో లోపం ఉండాలి..."

"లోపం కావాలంటే నన్నడగాల్సింది! కాపురం చేసినదాన్ని, ఎన్ని కావాలంటే అన్ని ఇచ్చేదాన్ని. దొంగతనం ఒక్కటే మా ఇంట్లో లేదు. రేపు కొట్టు తెరిచేది నేను. ఆ మాటలు పడాల్సింది నేను!"

లెక్చరరు తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఆ నవల రెండో ముద్రణ వచ్చింది. ఆత్రంగా తిరగేశాను. దొంగ అక్కడే ఉన్నాడు. ఒక్క వాక్యం కొట్టేయడానికి ఆ మహానుభావుడికి చెయ్యి రాలేదు. నా కోపం చల్లారలేదు, చల్లారాలనీ లేదు.

కొట్టు ఇప్పుడు వదినే నడుపుతోంది. బట్ట మడిచి పొట్లం కట్టే ముందు దాన్ని లోపలి వైపుకి తిరగేసి బల్ల మీద పరుస్తుంది. గిరాకీ నోట ముక్కల మాట రాకముందే, కుట్టు లోపల మడిచిన బట్ట మీద వేలు పెట్టి చూపిస్తుంది.

"ఇదిగో, మీదే. ఒళ్ళు చేసినప్పుడు రండి, వదులు చేసిస్తాను."

అన్నయ్య పంతానికి పోయి చెప్పనిది, ఆవిడ వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతోంది. కుట్టు కూడా అచ్చం ఆయనదే. తేడా ఒక్కటే. చెప్పిన రోజుకి ఇచ్చేస్తోంది.