పరిశీలకురాలి కళ్ళద్దాలు

నేను అబిడ్స్‌లో ఒక బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఆ ఒక్క అర్హతతో, కార్పొరేషన్ ఎన్నికలు చూడడానికి విదేశాల నుంచి వచ్చిన ఇద్దరు పరిశీలకులకు ఒకరోజు దుబాసీగా వెళ్ళాను. ఒకాయన బాగా పొడుగు, మాట తక్కువ. రెండో ఆమెకు అరవై దాటి ఉంటాయి. చూడాలి, రాసుకోవాలి, దేంట్లోనూ వేలు పెట్టకూడదు, అంతే వాళ్ళ నియమం. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, నాంపల్లి పోలింగ్ కేంద్రంలో ఒక పార్టీ ఏజెంటు చాయ్ ఇవ్వబోతే ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. వాళ్ళ వంతు చాయ్ కూడా నేనే తాగాల్సి వచ్చింది.

మధ్యాహ్నం ఒక ముసలమ్మ వచ్చింది. బ్యాలెట్ పేపరు ముక్కుకు ఆనించి చూసింది, చేయి చాచి దూరం నుంచి చూసింది. చివరికి పోలింగ్ అధికారి బల్ల దగ్గరికే తిరిగొచ్చింది.

"కండ్లద్దాలు ఇంటికాడ మర్శిన బిడ్డా. గుర్తులు ఒక్కటి గూడ కానొస్తలేవు."

"తోడు ఎవర్నన్న పిల్చుకో అమ్మా. ఆళ్ళు గుద్దుతరు," అన్నాడు అధికారి.

"ఆళ్ళకు నచ్చింది గుద్దుతరు. నా ఓటు నేనే ఏస్త." ఆమె చూపు పరిశీలకురాలి మెడలో వేలాడుతున్న కళ్ళద్దాల మీద ఆగింది. "గామెను జర అడుగు. ఐదు నిమిషాలకు ఇస్తదా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. "ఇది జోక్యం కిందికి వస్తుందా?" అని ఆమె పొడుగాయన్ని అడిగింది. ఆయన నియమాల పుస్తకం తిరగేశాడు. అందులో కళ్ళద్దాల ఊసే లేదు. అధికారి తన పుస్తకం తిరగేశాడు. దాంట్లోనూ లేదు. పొద్దుటి నుంచి ఎడమొహం పెడమొహంగా కూర్చున్న ముగ్గురు ఏజెంట్లు ఒకచోట చేరారు.

"ముందుగాల మేం జూస్తం," అన్నాడొకడు.

ముగ్గురూ ఆ అద్దాలు వంతులవారీగా పెట్టుకుని గోడ మీది అభ్యర్థుల పట్టిక చదివారు. ఎవరి గుర్తూ పెద్దదై కనబడడం లేదని తేలాక సరేనన్నారు.

ముసలమ్మ అద్దాలు పెట్టుకుని అట్ట చాటుకు వెళ్ళింది. తీరిగ్గా ముద్ర గుద్ది, మడిచి, పెట్టెలో వేసింది. ఏజెంట్లు ముగ్గురూ ఆమె ఓటు తమకే పడిందన్నట్టు నవ్వుకున్నారు. ఆమె మాత్రం అద్దాలు తీయకుండానే పరిశీలకురాలి ముఖంలోకి చూసింది.

"మొహం గింత గుంజుకపోయింది ఏంది? పొద్దుగాల్నించి ఏం తినలేదా? మా ఇల్లు గీ గల్లీలనే, రాండ్రి."

పొడుగాయన మళ్ళీ పుస్తకం తెరవబోయాడు. పరిశీలకురాలు దాన్ని మెల్లగా మూసేసి, పోలింగ్ కేంద్రం గీత దాటితే తాము వట్టి అతిథులమేనంది.

ముసలమ్మ ఇంట్లో చాప మీద కూర్చుని జొన్నరొట్టెలు, మెంతికూర పప్పు తిన్నాం. నివేదికలో వాళ్ళేం రాశారో నాకు తెలియదు. పొడుగాయన మాత్రం పప్పు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.